రంగు మార్చిన పురుగల్లా ప్రాణం కాచుకుంటోందా?

తూటితీగ ఆకులు తిరగేస్తుంటే ఒక్కోసారి శనగబద్దంత పెంకు పురుగు కనిపిస్తుంది. చుట్టూ గాజుముక్కలాంటి అంచు, మధ్యలో తాబేలు డిప్ప, ఆ డిప్ప మీద మేలిమి బంగారం పూత. చిన్నప్పుడు అలాంటిదాన్ని పట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నాను. రెండు రోజుల తర్వాత తెరిచి చూస్తే పురుగు చచ్చిపోయి ఉంది. బంగారం లేదు. ఎండిన చింతగింజ తొక్కలాంటి గోధుమరంగు డిప్ప మిగిలింది. నా పురుగును కొట్టేసి వేరేది పెట్టాడని తమ్ముడితో ఆ పూటంతా కొట్లాట. పాపం, వాడు నిర్దోషి. ఆ డిప్ప మీద మెరిసిందంతా తడి పుణ్యం. తడి ఆరిపోయింది, దాంతోపాటే బంగారమూ పోయింది.

ఈ సంగతిని కొలతలు వేసి తేల్చినవాళ్లు బెల్జియంలోని నామూర్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు. జాన్ పోల్ వీన్యెరోన్ బృందం 2007లో పనామా దేశపు తాబేలు పురుగు ఒకదాన్ని పరీక్షించింది. దాని పేరు కారిడోటెల్లా ఎగ్రేజియా. రెక్క డిప్పలో పొరల మీద పొరలు, ఆ పొరల్లో కంటికి ఆనని సన్నని రంధ్రాలు. ఒంట్లోని ద్రవం ఆ రంధ్రాల నిండా ఉన్నంతసేపూ డిప్ప అద్దంలా వెలుగును తిప్పికొడుతుంది, చూసేవాడికి బంగారం. పురుగును కదిలించి చికాకు పెడితే ద్రవం వెనక్కి పోతుంది. అప్పుడు అద్దం కాస్తా కిటికీ పలక అయిపోయి, అడుగునున్న ఎర్రరంగు బయటపడుతుంది. అంతా రెండు నిమిషాల లోపు వ్యవహారం.

ఎలా మారుతోందో తెలిసింది. ఎందుకు మారుతోంది? చేదుగా ఉండే ఎర్రని అక్షింతల పురుగులా కనిపించి పిట్టను బెదరగొట్టడానికని ఒక ఊహ. జతకట్టే వేళ కూడా రంగు మారుతుంది కాబట్టి అది జంట సంకేతమని ఇంకో ఊహ. మొదటి ఊహ వినడానికి బాగుంటుంది కాబట్టి పిల్లల పుస్తకాల్లోకీ టీవీ కార్యక్రమాల్లోకీ అదే ఎక్కింది. కానీ ఎర్రబడ్డ పురుగును పిట్ట వదిలేసిందనీ, బంగారు పురుగును తినేసిందనీ లెక్క చూపించాలి కదా. ఆ లెక్క చూపించకుండా దీన్ని ఆత్మరక్షణకు ఉదాహరణగా చెప్పడం తొందరపాటు.

పురుగుల రంగుమార్పు గురించి వందేళ్లకు పైగా పోగుపడ్డ పరిశోధనను తిరగేస్తే నాకు పదేపదే తగిలింది ఇదే. చిటికెలో మారే పురుగులకు పేరు ఎక్కువ, రుజువు తక్కువ. ఏ హడావుడీ లేకుండా కుబుసం విడిచేటప్పుడో, కాలం మారేటప్పుడో, తరం మారేటప్పుడో రంగు మార్చుకునే పురుగుల దగ్గర రుజువులు గట్టిగా ఉన్నాయి. ఊసరవెల్లిని కొలబద్దగా పెట్టుకుని పురుగుల్ని చూడటం వల్ల వచ్చిన తంటా ఇది.

వేగంగా మారేవాటిలో ఇంకో రెంటిని చూసి ముందుకు పోదాం. మధ్య, దక్షిణ అమెరికా అడవుల హెర్క్యులిస్ పెంకు పురుగు పొడిగాలిలో పచ్చపసుపుగా, తేమగాలిలో నల్లగా ఉంటుంది. 1972లో హింటన్, జార్మన్ అనే ఇద్దరు దీని గుట్టు చెప్పారు. డిప్ప పైపొర కింద స్పాంజిలాంటి పొర ఉంది. అది పొడిగా ఉంటే వెలుగు అక్కడే తిరిగి వస్తుంది, నీరు పీలిస్తే వెలుగు లోపలికి దూరి అడుగు నలుపులో కలిసిపోతుంది. ఉతికిన పంచె తడిగా ఉన్నప్పుడు ముదురుగా, ఆరాక లేతగా కనిపించే లెక్కే. తాబేలు పురుగుకు తడి ఉంటే మెరుపు, దీనికి తడి తగిలితే చీకటి. రాత్రిపూట గాలిలో తేమ పెరుగుతుంది కాబట్టి చీకట్లో నల్లబడి దాక్కుంటుందని ఒక వివరణ. నల్లబడితే వేడి బాగా పీల్చుకుంటుందని మరో వివరణ. రెండూ తర్కాలే.

ఆస్ట్రేలియా మంచుకొండల మీది ఊసరవెల్లి మిడత కథ ఇంకా చిత్రం. 10 డిగ్రీల లోపు చలిలో మగది నల్లగా ఉంటుంది. 25 డిగ్రీలు దాటితే నెమలిమెడ నీలంలోకి తిరుగుతుంది. నల్లని మిడత నీలం కావడానికి నిమిషాలు చాలు, తిరిగి నల్లబడటానికి గంటలు కావాలి. ఇంత కొట్టొచ్చే నీలం ఎవరి కంటినుంచి దాక్కోవడానికి? శత్రువు నుంచైతే కాదు. కేట్ అంబర్స్ అనే పరిశోధకురాలు దీని వెంటపడి, రంగు వల్ల ఒంటి వేడిలో వచ్చే తేడా కూడా చాలా స్వల్పమని చూపించారు. ఆడవాటి కోసం మగవి కొట్టుకునే వేళ ఆ నీలం ఎదుటివాడికి చూపించే బలప్రదర్శన కావచ్చని ఆమె పని సూచిస్తోంది. అదే దేశంలో కొండ ప్రాంతాల్లో ఉండే ఒక కీచురాయి జాతిని కూడా అంబర్స్ చూశారు. ముట్టుకోగానే బూడిదరంగు రెక్కలు పైకెత్తి ఎరుపు, నీలం, నలుపు పట్టీలు చూపిస్తుంది. దీన్ని రంగుమార్పు అనకూడదు. తెర తీయడం అనాలి. రంగు ముందే ఉంది, దాన్ని దాచడమూ చూపడమూ పురుగు చేసే పని. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి రాసే వ్యాసాలు చాలా వస్తున్నాయి కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

పచ్చదనం ఎక్కణ్ణుంచి

ఆకు తినే పురుగు ఆకుపచ్చగా ఉండటం సహజమే కదా అనుకుంటాం. తిన్న ఆకు ఒంటికి పట్టి పచ్చబడిందని మా ఊళ్లో పెద్దలు అనేవారు. సగం నిజం. చాలా మిడతల్లో, గొంగళి పురుగుల్లో ఉండే పచ్చదనం పత్రహరితం కాదు. పైత్యరసపు వర్ణకాల కోవకు చెందిన ఒక నీలం, ఆకుల నుంచి వచ్చే కెరోటిన్ జాతి పసుపు కలిసి పచ్చగా కనిపిస్తాయి. చిత్రకారుడు నీలం, పసుపు కలిపి ఆకు వేసినట్టే. గోధుమ, ఎరుపు, నలుపు మాత్రం పురుగు తన ఒంట్లోనే వండుకుంటుంది. నలుపుకు మెలనిన్, గోధుమ ఎరుపులకు ఎక్కువగా ఓమోక్రోమ్‌లు. మొదటిది టైరోసిన్ నుంచి, రెండోది ట్రిప్టోఫాన్ నుంచి తయారవుతుంది. రెండూ మాంసకృత్తులకు పనికొచ్చే దినుసులే. కాబట్టి రంగు వేసుకోవడం ఉత్తపుణ్యానికి జరిగే పని కాదు, తిండిలోంచి కోత పెట్టి చేయాల్సిన ఖర్చు.

ఉన్న రంగును అటూ ఇటూ జరపడం కంటే కొత్త రంగు వండటానికి ఎక్కువ సమయం పడుతుంది. జరిపేవాటిలో అన్నిటికన్నా బాగా అర్థమైనది మన దక్షిణాది పురుగే. తమిళనాడులో కొడైకెనాల్ పక్కన షెంబగనూరు ఉంది. అక్కడి నుంచి సేకరించిన పుల్ల పురుగును 1901లో సినెటీ అనే ఫ్రెంచి పరిశోధకుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. కరాసియస్ మోరోసస్ అని పేరు. మగది లేకుండానే పిల్లల్ని కనే జాతి కావడంతో యూరప్ ప్రయోగశాలల్లో, బడుల్లో, ఇళ్లలో తేలికగా పెరిగింది. ఇప్పుడు లండన్ పిల్లల గాజుపెట్టెల్లో ఉండే పుల్ల పురుగుకు పుట్టిల్లు పళని కొండలు.

దీని చర్మకణాల్లో గోధుమ, నారింజ రంగు రేణువులుంటాయి. పగలు అవి కణం అడుగున కుదురుకుంటాయి, ఒళ్లు లేతగా ఉంటుంది. రాత్రి పైకి తేలుతాయి, ఒళ్లు ముదురుతుంది. పచ్చ, పసుపు రేణువులు కదలవు. అందుకే పూర్తిగా పచ్చగా పుట్టిన పుల్ల పురుగుకు ఈ విద్య లేదు. 1928లో జర్మనీ శాస్త్రవేత్త గీర్స్‌బెర్గ్ దీని మీద చేసిన పనిని కీటకశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ చెబుతాయి. పొట్టభాగాన్ని తేమలో ఉంచితే ఆ కబురు నాడి గుండా మెదడుకు పోతుంది. మెదడు దగ్గర నుంచి హార్మోన్ రక్తంలో బయల్దేరుతుంది, ఒళ్లంతా నల్లబడుతుంది. మధ్యలో దారంతో బిగించి కడితే ముడికి తల వైపున్న భాగమే నల్లబడుతుంది. ఇంత చక్కని యంత్రాంగం తెలిసినా, రాత్రి నలుపు దాన్ని ఎవరి నోటి నుంచి కాపాడుతోందో చెప్పే రుజువు అంత చక్కగా లేదు. ఎలా అన్నదానికి ప్రయోగశాలలో జవాబు దొరుకుతుంది. ఎందుకన్నది తేలాలంటే పిట్టలుండే చోటికి, బయటికి పోవాలి.

బయటికి పోయినవాళ్లలో మొదట గుర్తుకొచ్చేది ఇటలీకి చెందిన చెస్నోలా. 1904లో ఆయన 110 గొల్లభామల్ని పట్టి గడ్డి మొక్కలకు దారాలతో కట్టాడు. పచ్చని గడ్డిలో కట్టిన 20 పచ్చ గొల్లభామలూ 17 రోజుల తర్వాత బతికే ఉన్నాయి. ఎండిన గోధుమరంగు గడ్డిలో కట్టిన 20 గోధుమరంగువీ బతికాయి. ఎండుగడ్డిలో కట్టిన 25 పచ్చవి 11 రోజుల్లో ఒక్కటి మిగలకుండా పోయాయి. పచ్చగడ్డిలో కట్టిన 45 గోధుమరంగువాటిలో 10 మాత్రమే దక్కాయి. ప్రయోగం చిన్నదే, తర్వాతి వాళ్లు వంకలు పెట్టారు. కట్టేసిన పురుగు పారిపోలేదు కదా అన్నది అందులో ఒకటి. ఆ వంకలన్నీ విన్నాక కూడా, పరిసరాలతో రంగు కలవడం ప్రాణం విలువ చేస్తుందని ఇంత సూటిగా చూపినవి తక్కువన్నదే నా అభిప్రాయం.

గొల్లభామలూ మిడతలూ కుబుసం విడిచేటప్పుడు చుట్టూ ఉన్న వెలుగు, తేమను బట్టి పచ్చ నుంచి గోధుమకో, గోధుమ నుంచి పచ్చకో తిరగగలవు. ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఏటా నిప్పు పడుతుంది. కాలిన నేల మీద మిగిలిన మిడతలు నల్లబడటాన్ని ఎడ్వర్డ్ పౌల్టన్ 1926లో చర్చకు తెచ్చాడు. 1951లో బర్ట్ అనే ఆయన, రెక్కలొచ్చిన పెద్ద మిడతలు కూడా కాలిన నేల మీద కొద్ది రోజుల్లో నల్లగా మారగలవని చూపించాడు. బొగ్గు మీద పచ్చని మిడత ఎంతసేపు బతుకుతుందో ఊహించుకోవచ్చు. వానలు పడి గడ్డి మొలిచాక ఆ నలుపే మెడకు ఉరి అవుతుంది కాబట్టి మళ్లీ మారక తప్పదు.

కళ్లు మూసినా

పౌల్టన్ పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గర కాసేపు ఆగాలి. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు. 1890లో జంతువుల రంగుల మీద ఆయన రాసిన పుస్తకం ఈ విషయానికి పునాది. ప్రమాదాన్ని చాటే ముదురు రంగులకు ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాడే గ్రీకు మూలపు మాటను పుట్టించింది కూడా అందులోనే. అంతకు మూడేళ్ల ముందు, 1887లో, ఆయన గొంగళి పురుగుల్ని రకరకాల పెట్టెల్లో పెంచాడు. నల్లగుడ్డ పరిచిన పెట్టెలో కట్టుకున్న ప్యూపాలు ముదురుగా, తెల్లదాంట్లోవి లేతగా వచ్చాయి. బంగారు రేకు అంటించిన పెట్టెలో కొన్ని ప్యూపాలు నిజంగానే బంగారు మెరుపుతో వచ్చాయి. అప్పుడు ఆయనకో సందేహం: పురుగు ఈ రంగును కళ్లతో చూస్తోందా? గొంగళి పురుగు కళ్ల మీద నల్లని వార్నిష్ పూశాడు. అయినా ప్యూపా రంగు పరిసరాలతోనే కలిసింది.

అంటే చర్మం చూస్తోందన్నమాట. ఆ రోజుల్లో దాన్ని ముందుకు తీసుకుపోయే సాధనాలు లేవు. 2019లో లివర్‌పూల్, జర్మనీలోని యేనా పరిశోధకులు ఏమీ ఈకాక్, హన్నా రోలాండ్, ఇలిక్ సాకేరీ తదితరులు దాదాపు అదే ప్రశ్న మళ్లీ వేశారు. పెప్పర్డ్ మాత్ గొంగళి పురుగు అచ్చం పుల్లలా బిగుసుకుని నిలబడుతుంది. పెరిగే చోట ఉన్న కొమ్మల రంగును బట్టి గోధుమ, పచ్చ, నలుపు, తెలుపు ఛాయల్లోకి వారాల వ్యవధిలో మారుతుంది. మూడు వందలకు పైగా పురుగుల కళ్లకు నల్లరంగు పూసి చూశారు. కళ్లు మూసినవీ, తెరిచినవీ ఒకే తీరున మారాయి. పైగా ఎంచుకోమని రెండు రంగుల పుల్లలిస్తే కళ్లు మూసిన పురుగులు కూడా తమ రంగు పుల్ల మీదికే ఎక్కువగా చేరాయి. వెలుగును పసిగట్టే జన్యువులు వాటి చర్మంలో పనిచేస్తున్నట్టు కనిపించింది. పౌల్టన్ వార్నిష్ పూసిన 132 ఏళ్లకు జవాబు వచ్చింది.

కొన్ని పురుగులకు వెలుగు కూడా అక్కర్లేదు, తిండి చాలు. అమెరికాలో అరిజోనా ఓక్ చెట్ల మీద నెమోరియా అనే పురుగు ఏటా రెండు కాన్పులుగా పుడుతుంది. వసంతంలో పుట్టినవి ఓక్ పూత తిని, పసుపురంగులో బుడిపెలతో పూతలాగే ఉంటాయి. వేసవిలో పూత ఉండదు. అప్పుడు పుట్టినవి ఆకులు తిని, బూడిదరంగు లేతకొమ్మలా తయారవుతాయి. రెండింటినీ చూసినవాళ్లు వేరు జాతులనుకుంటారు. 1989లో ఎరిక్ గ్రీన్ వేడి, పగటి వేళ, వెలుతురు అన్నీ మార్చి చూశాడు, ఏదీ పనిచేయలేదు. చివరకు కీలకం టానిన్ అనే వగరు పదార్థంలో దొరికింది. ఆకుల్లో వగరు ఎక్కువ, పూతలో తక్కువ. వగరు తగిలితే కొమ్మ వేషం, తగలకపోతే పూత వేషం. నాలుకతో కాలాన్ని కనిపెట్టడం అంటే ఇదే.

మన ఇంటి పెరట్లో జరిగే దాన్ని ఎందుకు వదిలేయాలి? కరివేపాకు, నిమ్మ, బత్తాయి మొక్కల మీద చిన్న గొంగళి పురుగులు నలుపు తెలుపు మరకలతో అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తాయి. నిమ్మరైతులకు వీటితో బాగా పరిచయం. మూడుసార్లు కుబుసం విడిచేవరకూ ఆ వేషమే. నాలుగోసారి విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చ. రెట్ట అంత పెద్దదిగా ఉండదు కాబట్టి ఒళ్లు పెరిగాక ఆ నాటకం అతకదు, వేషం మార్చాల్సిందే. ముట్టుకుంటే మెడ వెనక నుంచి పాము నాలుకలాంటి ఎర్రని కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. ఆ వాసన వేలికి అంటితే అన్నం తినేటప్పుడూ తెలుస్తుంది. జపాన్‌లో ఇదే కుటుంబపు సీతాకోకచిలుక మీద ఫుతహాషి, ఫుజివారా 2008లో చేసిన ప్రయోగం ఈ వేషమార్పుకు జువెనైల్ హార్మోన్ ఆధారమని తేల్చింది. నాలుగో దశ మొదట్లో ఆ హార్మోన్ తగ్గాలి. తగ్గకుండా బయటి నుంచి పూస్తే అయిదో దశలోనూ రెట్ట వేషమే మిగిలిపోతుంది.

ప్యూపా కట్టేటప్పుడు మళ్లీ ఇంకో నిర్ణయం. పచ్చని కొమ్మనో ఆకునో పట్టుకుంటే చాలా వరకు పచ్చ ప్యూపా, గరుకు కర్రో గోడో అయితే గోధుమ. తిరువనంతపురంలోని ఐసర్ పరిశోధన సంస్థలో మయేకర్, కోదండరామయ్య 2017లో గోధుమరంగు సీతాకోకచిలుక మైకాలెసిస్ మీద ఇలాంటి పరిశీలనే చేశారు. ఆకు మీద కట్టినప్పుడూ, ఆకు వదిలి వేరేచోట కట్టినప్పుడూ, తేమ మారినప్పుడూ ఏ రంగు వస్తుందో చూశారు. మన పెరటి నిమ్మచెట్టు మీది ఒకే పురుగు నాలుగు వారాల బతుకులో రెట్ట, ఆకు, ఎండుకొమ్మ అయి, చివరకు రెక్కలతో ఎగిరిపోతోంది. ఊసరవెల్లికి ఇంత ఓపిక లేదు.

లిన్నేయస్ బోల్తా పడ్డ చోటు

1758లో లిన్నేయస్ ప్రపంచ జీవుల పట్టీ రాస్తూ నారింజరంగు ఆసియా సీతాకోకచిలుకలు రెంటికి వేరువేరు పేర్లు పెట్టాడు. ఒకటి ఆల్మానా, ఒకటి ఆస్టెరీ. రెండోదాని రెక్కల అడుగున కళ్లలాంటి చుక్కలున్నాయి. మొదటిదాని అడుగు ఎండుటాకులా ఉంది, అంచులు కూడా ఆకు మొనలా సాగి ఉన్నాయి. తర్వాత తేలిందేమంటే రెండూ ఒకటే. వానాకాలంలో పుడితే కళ్లు, పొడికాలంలో పుడితే ఎండుటాకు. మన పొలాల గట్ల మీద ఏడాది పొడవునా ఎగిరే సీతాకోకచిలుక ఇది. సాయంత్రాలు దీపం దగ్గరికి వచ్చే గోధుమరంగు సీతాకోకచిలుక, వరి ఆకు తిని పెరిగేది, అదీ ఇదే బాట.

ఈ మార్పు వల్ల లాభం ఉందా అన్నదానికి ఈ అంశం మొత్తంలో నాకు తెలిసిన గట్టి జవాబు ఆఫ్రికా నుంచి వచ్చింది. బైసైక్లస్ అనే సీతాకోకచిలుకను పాల్ బ్రేక్‌ఫీల్డ్ బృందం దశాబ్దాలపాటు చదివింది. గొంగళి పురుగు చివరి రోజుల్లో 27 డిగ్రీల వేడి తగిలితే పెద్ద కళ్లచుక్కలు, 20 డిగ్రీల లోపు చల్లదనం తగిలితే ఎండుటాకు రూపం. పొడికాలంలో నేలంతా ఎండుటాకులు, సీతాకోకచిలుక వాటిలో కదలకుండా కూర్చుని నెలలు గడపాలి; అక్కడ కళ్లచుక్కలు ఉంటే పిట్ట పట్టేస్తుంది. వానాకాలంలో వేటగాడు వేరు. 2015లో క్యాథ్లీన్ ప్రూడిక్, ఆమె సహచరులు గొల్లభామల్ని రంగంలోకి దింపి చూశారు. గొల్లభామ కళ్లచుక్కను చూసి రెక్క అంచు మీద దెబ్బ వేస్తుంది. సీతాకోకచిలుక రెక్క ముక్క వదిలి ప్రాణాలతో బయటపడుతుంది. చుక్కలు చిన్నగా ఉంటే దెబ్బ ఒంటికే తగులుతుంది. అంటే రెండు రంగులు రెండు వేర్వేరు శత్రువుల కోసం. పిట్టకు కనబడకూడదు, గొల్లభామకు తప్పుడు చోటు చూపించాలి.

శత్రువు ఎవరన్నది తేలితే కానీ రంగు అర్థం తేలదనడానికి పేనుబంక ఇంకా మంచి సాక్ష్యం. బఠాణీ మొక్కల పేనుబంకలో ఎరుపు, పచ్చ రెండూ ఉంటాయి. అక్షింతల పురుగు ఎర్రవాటిని ఎక్కువ తింటుంది, గుడ్లు పెట్టే చిన్న కందిరీగ పచ్చవాటిని ఎక్కువ పొడుస్తుంది. 1997లో లోసీ బృందం చూపించిన సంగతి ఇది. ఏ రంగూ పూర్తిగా క్షేమం కాదు కాబట్టి రెండూ మిగిలాయి. ఇక 2010లో జపాన్ పరిశోధకుడు త్సుచిదా చూసింది ఇంకా వింత. ఒంట్లో రికెట్సియెల్లా అనే బాక్టీరియా చేరితే ఎర్రగా పుట్టిన పేనుబంక పెరిగే కొద్దీ పచ్చబడుతుంది. రంగు మార్చింది పురుగా, పురుగులో కాపురముంటున్న సూక్ష్మజీవా? అద్దెకొచ్చినవాడు ఇంటికి వేరే సున్నం కొట్టించినట్టు.

నల్లబడ్డ గుంపు

2020 మే నెలలో మిడతల దండు రాజస్థాన్ దాటి మహారాష్ట్ర విదర్భ దాకా వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో అప్రమత్తం చేశారు. ఆ వీడియోలు చూసినవాళ్లకు గులాబీరంగు మిడతలు గుర్తుండే ఉంటాయి. గుంపు మిడత యవ్వనంలో గులాబీ, ముదిరాక పసుపు. అదే మిడత ఒంటరిగా పెరిగితే ఇసుకరంగులో, పిల్లప్పుడు పచ్చగా, మనిషి కంటపడకుండా బతికేస్తుంది. ఇలాంటి రెండు రూపాలు వేరు జాతులు కావని మొదట చెప్పింది బోరిస్ ఉవరోవ్, 1921లో, వేరే వలస మిడత మీద.

గుంపులో పెరిగే పిల్ల మిడతలు నలుపు, పసుపు చారలతో దూరానికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వేలకు వేలు ఒకచోట చేరాక దాక్కోవడం కుదరదు. అప్పుడు ఎత్తుగడ తిరగబడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ముట్టని విషపు ఉమ్మెత్త కుటుంబపు మొక్కల్ని గుంపు మిడతలు తింటాయి. 2000లో గ్రెగరీ సోర్డ్ బృందం ఎడారి బల్లులకు ఈ విషం తిన్న మిడతల్ని పెట్టింది. మిడతకు నలుపు పసుపు రంగులుంటే బల్లి ఆ చేదును గుర్తుపెట్టుకుని మళ్లీ ముట్టడం త్వరగా మానేసింది. పచ్చని మిడతతో ఆ పాఠం అంత తేలికగా ఎక్కలేదు. వేటాడే జీవికి ఎదురుగా పెట్టి చూసిన ప్రయోగం కాబట్టి దీన్ని రక్షణ అని ధైర్యంగా అనవచ్చు. ఇక వలస మిడతల్లో గుంపు పెరిగితే వాసన కూడా మారుతుందనీ, పిట్ట నోట పడ్డప్పుడు ఆ వాసన పదార్థమే సైనైడ్‌గా మారుతుందనీ 2019లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు.

నల్లరంగును పుట్టించే హార్మోన్ పేరు కొరజోనిన్. స్పానిష్‌లో గుండె అనే మాట నుంచి వచ్చింది. 1989లో బొద్దింకలో గుండెదడ పెంచే పదార్థంగా దొరికింది. అది మిడతల్లో రంగు వేస్తుందని పదేళ్లకు జపాన్‌లో, పుట్టుకతోనే రంగులేని మిడతలకు ఎక్కించి కనుక్కున్నారు.

అన్ని నలుపులూ కంటికోసం కాదు. ఆఫ్రికా లద్దె పురుగు గుంపుగా పెరిగితే నల్లగా అవుతుంది. కెన్ విల్సన్ బృందం చూసిందేమంటే, ఆ నల్లవాటికి వైరస్‌లనూ బూజు తెగుళ్లనూ తట్టుకునే శక్తి ఎక్కువ. గుంపులో రోగం అంటుకునే ప్రమాదం ఎక్కువ కాబట్టి ముందుగానే కవచం తొడుక్కోవడం. మెలనిన్ చర్మాన్ని గట్టిపరుస్తుంది, లోపలికి దూరిన పరాన్నజీవిని చుట్టి ఊపిరాడకుండా చేస్తుంది. పిట్ట కంటికి కనబడటం ఈ రక్షణకు కట్టే పన్ను.

ఇలాంటి మార్పు ఒక జాతిలో కొత్తగా పుట్టగలదా అన్నది 2006లో సుజుకి, నైహౌట్ తేల్చారు. అమెరికా పొగాకు గొంగళి పురుగులో నల్లరకాన్ని తీసుకున్నారు. మన గుంటూరు, ప్రకాశం రైతులకు తెలిసిన పొగాకు లద్దె పురుగు ఇది కాదు. వేడి దెబ్బ తగిలినప్పుడు పచ్చబడేవాటినీ, మారనివాటినీ విడివిడిగా ఏరుతూ 13 తరాలు పెంచారు. చివరకు చల్లగా ఉంటే నలుపు, వేడిగా ఉంటే పచ్చ అయ్యే పురుగులు ఒకపక్క, ఎంత వేడికీ మారని పురుగులు ఇంకోపక్క తయారయ్యాయి.

మారింది మాత్ కాదు

బడి పుస్తకాల్లో రంగు మార్చిన కీటకం అంటే వచ్చే బొమ్మ ఒకటే, ఇంగ్లండ్ పెప్పర్డ్ మాత్. 1848లో మాంచెస్టర్‌లో మొదటి నల్లది నమోదైంది. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. మసికి చెట్లు నల్లబడ్డాయి కాబట్టి మాత్‌లు కూడా రంగు మార్చుకున్నాయని పిల్లలు పరీక్షల్లో రాస్తారు. ఆ వాక్యం తప్పు. ఏ మాత్ కూడా తెల్లగా పుట్టి నల్లబడలేదు. తెల్లవాటిని పిట్టలు తిన్నాయి, నల్లవి మిగిలి పిల్లల్ని పెట్టాయి. ఆ నలుపుకు కారణమైన జన్యుముక్క దాదాపు 1819 ప్రాంతంలో ఒక మాత్‌లో దూరిందని 2016లో సాకేరీ బృందం లెక్కగట్టింది. పిట్టలు తిన్నాయన్నది కూడా నడుమ వివాదంలో పడింది. దాంతో కేంబ్రిడ్జ్‌లో మైకేల్ మజీరస్ ఆరేళ్లపాటు 4,864 మాత్‌లను వదిలి, ఏ పిట్ట దేన్ని తింటోందో కళ్లారా చూసి రాసుకున్నాడు. ఆయన 2009లో పోయాక మిత్రులు 2012లో ఆ లెక్కలు అచ్చువేశారు. పొగ తగ్గిన కాలంలో నల్లవే ఎక్కువగా పిట్టల పాలయ్యాయి. వాదం తీరింది.

నిజంగా రంగు మార్చే పెప్పర్డ్ మాత్ ఉంది, అది దాని గొంగళి పురుగు. కళ్లు మూసినా పుల్ల రంగు పట్టేది ఇందాక చూశాం. పాఠంలో దాని బొమ్మ వేయరు.

మజీరస్ చేసినట్టు కూర్చుని లెక్కపెట్టే పని మన సీతాకోకచిలుకల మీద ఇంకా చాలా మిగిలి ఉంది. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. మీ పెరట్లో కరివేపాకో నిమ్మచెట్టో ఉంటే ఈ వానాకాలం ఒక పని చేయండి. ప్యూపా కనబడిన ప్రతిసారీ దాని రంగు, అది పట్టుకున్న చోటు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాయండి. రెండు వారాల తర్వాత మళ్లీ చూసి, సీతాకోకచిలుక బయటికొచ్చిందా, పిట్ట పొడిచిందా, చిన్న కందిరీగ బెజ్జం పెట్టిందా అన్నది దాని పక్కనే రాయండి. పచ్చని కొమ్మల మీద కట్టిన పచ్చవి ఎన్ని బతికాయి, గోడమీద కట్టిన పచ్చవి ఎన్ని పోయాయి అన్న రెండు అంకెలు చాలు.